రెండు కంఠములు – ఒక కాపురము

ప్రతి గృహమునందును రెండు కంఠములు వినబడుచుండును. ఒకటి కొంచెము గట్టిది. మఱొకటి కొంచెము మెత్తనిది. ఒకటి తెల్లవాఱగనే కాఫీ యేదియని యడుగును. మఱొకటి వంటయింటినుండి వచ్చుచున్నదని పలుకును. ఆ రెండు కంఠములును ఒక్క శ్రుతిలో కలిసిన దినములు కలవు. కలియని దినములును కలవు. కలియని దినమున ఇంటిలో మాటలు తగ్గును, గిన్నెల చప్పుడు హెచ్చును. ఆ చప్పుడులో నెన్ని మాటలు దాగియుండునో గృహిణులైన చదువరులకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

నోట రాని యా మాటలను మఱియెవరైనను మనకు మాఱుగా పాడిపెట్టినచో నెట్లుండును? ఇట్టి యూహతో తీసిన చలనచిత్ర మొకటి అమెరికా దేశమున 1982వ సంవత్సరమునందు వెలువడినది. దాని పేరు ‘వన్ ఫ్రమ్ ది హార్ట్’. హృదయమునుండి వచ్చినదని దాని కర్థము చెప్పుకొనవచ్చును. ఆ చిత్రము ధనమును పోగొట్టినది. తీసినవానికి స్టూడియోను పోగొట్టినది. కాని దానికొఱకు కట్టిన పాటలుమాత్రము నిలిచినవి. బొంగురుగొంతు పురుషు డొకడును, తేటగొంతు గల స్త్రీ యొకతెయు పాడిన యా పాటలనుగుఱించి సోదరీమణులతో కొంచెము ముచ్చటింపదలచితిని. దేశము పరదేశము; భాష పరభాష; వాద్యములును మనవి కావు. అయినను వానియందలి తగవు మన పొరుగింటిదే యనిపించును.

ఇచ్చిపుచ్చుకొన్న కానుకలు

కథ మిక్కిలి చిన్నది. నెవాడా రాష్ట్రమునందలి లాస్ వేగస్ నగరమున ఫ్రానీ యను స్త్రీయు, హాంక్ అను పురుషుడును అయిదేండ్లుగా కలిసి జీవించుచున్నారు. వివాహము కాలేదు గాని, సంసారపు విసుగులన్నియు వారికి వచ్చియే యున్నవి. ఆమె ప్రయాణముల టిక్కెట్లు ఏర్పాటుచేయు కచ్చేరీలో పనిచేయును. దినమంతయు పరులను దూరదేశముల కంపుటయే ఆమె పని; తానుమాత్రము ఊరు కదలి యెఱుగదు. అతడు పాడుపడిన మోటారుబండ్ల తుక్కుతో జీవనము చేయువాడు. ఇల్లు, భోజనము, నిదుర. ఇంతకుమించి యతడు కోరుకొనడు.

జూలై 4వ తేది అమెరికా స్వాతంత్ర్యదినోత్సవము. ఆ పండుగనాళ్లలోనే వీరు కలిసికొన్న నాటికి అయిదేండ్లు నిండును. ఒకరికొకరు కానుక లిచ్చుకొందురు. అతడు తెచ్చిన కానుక వారుండు నింటి దస్తావేజు. ఆమె తెచ్చిన కానుక పసిఫిక్ మహాసముద్రమునందలి బోరా బోరా ద్వీపమునకు విమానపు టిక్కెట్లు. చూచితిరా! అతడు ఇంటిలో నిలుచుటకు కాగిత మిచ్చెను. ఆమె ఇల్లు విడిచి తిరిగివచ్చుటకు కాగిత మిచ్చెను. ఎవరికి కావలసినదానిని వారే రెండవవారికి కానుకగా నిచ్చిరి. ప్రేమ లేక కాదు. రెండవవారి మనస్సును అడుగక.

ఇక కలహము రేగును. ఆ రాత్రియే యిరువురును విడిపోవుదురు. ఆమెకు పియానో వాయించి పాడు రే అను వాడొకడు తారసపడును. అతనికి సర్కసులో నాట్యమాడు లీలా యను పడుచు తారసపడును. ఎవరికి వారు తాము కోల్పోయిన సుఖము దొరకినదనుకొందురు. తెల్లవాఱుసరికి హాంకునకు తన తప్పు తెలియును. ఆమెను బలవంతముగ ఇంటికి తీసికొనివచ్చును గాని బలవంతముచే తెచ్చిన మనిషి యింటిలో నిలుచునా? ఆమె రేతో బోరా బోరాకు బయలుదేరును. తరువాత నేమి జరిగినదో వ్యాసము చివర చెప్పెదను. ఏలయన దానికిని పాటకును గట్టి సంబంధమున్నది.

నోరు మెదపని నటులు

ఫ్రానీగా టెరీ గార్, హాంకుగా ఫ్రెడరిక్ ఫారెస్ట్, రేగా రౌల్ జూలియా, లీలాగా నస్టాషియా కిన్స్కీ నటించిరి. చిత్రములో పాటలు నిండుగ నున్నవి. కాని నాయికా నాయకులు ఆ పాటలకు పెదవి కదపరు. మన చిత్రములందు నేపథ్యగాయకులు పాడుచుండగా నటులు పెదవులు కదపుట మనకు వాడుక. ఇక్కడ నది కూడ లేదు. ఫ్రానీ దుకాణపు అద్దములో బొమ్మలు సర్దుచుండును, హాంకు వీథిలో నడచుచుండును. ఆ సమయమున వెనుకనుండి రెండు కంఠములు వారి మనస్సులోని మాటలను పాడుచుండును.

ఇది మనకు పూర్తిగా క్రొత్తయు కాదు. కూచిపూడి భాగవతమునందు ప్రక్కన నిలిచిన గాయకుడు పాడుచుండగా పాత్రధారి యభినయము పట్టుట మన మెఱిగినదే. ఐతే అచ్చట పాత్రకు పాట వినబడును. పాటకు తగినట్లు కన్ను, చేయి, అడుగు కదలును. ఈ చిత్రములోని పాత్రలకు ఆ పాట వినబడదు. మనకుమాత్రమే వినబడును. వారు ఒకరినొకరు తిట్టుకొనుచుండగా, వారి హృదయములు వేఱొక మాట చెప్పుకొనుచున్నవని మన కర్థమగును. వారు దానిని వినగలిగినచో కథయే యుండదు. ఈ చిత్రమునందలి పాటల బలమంతయు నిచ్చటనే యున్నది.

ఈ యూహకు మూల మొక పాతపాట. 1977లో టామ్ వెయిట్స్ అను గాయకుడు బెట్ మిడ్లర్ అను గాయనితో కలిసి యొక యుగళగీతము పాడెను. పానశాలలో అపరిచితులైన స్త్రీపురుషు లిరువురు మాటకు మాట యప్పగించుకొనుటయే దాని విషయము. చిత్రదర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలా దానిని విని, అట్టి సంవాదమునే పాటల వరుసగా చేసి దానిమీద చిత్ర మొకటి నడపవచ్చునని తలచెను. ‘గాడ్‌ఫాదర్’ (1972) చిత్రముతో లోకప్రసిద్ధి కెక్కినవాడు. యుద్ధమునుగుఱించి తీసిన ‘అపోకలిప్స్ నౌ’ (1979) చిత్రముతో దేహమును, ధనమును అలసటపెట్టుకొన్నవాడు. యుద్ధమును తీసినవానికి ఇంటిలోని చిన్న ప్రేమకథ తీయవలెనని కోరిక పుట్టుట ఆశ్చర్యము కాదు.

గరుకు కంఠము, స్ఫటిక కంఠము

టామ్ వెయిట్స్ 1949వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని పొమోనాలో జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. యౌవనమున రాత్రులయందు పిజ్జాలమ్ము భోజనశాలలో పనిచేయుచు, వచ్చిపోవువారి మాటలను చెవినబెట్టుకొని, వానినుండి పాటలు కట్టనేర్చెను. 1973లో మొదటి రికార్డు వచ్చినప్పుడు అతని కంఠము మృదువుగనే యుండెను. మూడునాలుగేండ్లలో నది యిసుకలో నడచు బండిచక్రమువలె గరుకైనది. ప్రథమమున వినువారికి జలుబుచేసినవాడు పాడుచున్నాడా యనిపించును. కొంతసేపు విన్నపిదప ఆ గరుకుదనములో దాపఱికము లేదని తెలియును. అలసిన మనుష్యుడు అలసినట్లే పాడుచున్నాడు. అందముకొఱకు ఏమియు పూసికొనుటలేదు.

చిత్రమునందు స్త్రీకంఠముకొఱకు మొదట బెట్ మిడ్లరునే యనుకొనిరి; ఆమెకు వీలుపడలేదు. ఆ స్థానమునకు వచ్చినది క్రిస్టల్ గేల్. ఆమె 1951లో కెంటకీ రాష్ట్రమునందలి పెయింట్స్‌విల్‌లో, బొగ్గుగనిలో పనిచేయువాని యింట, ఎనమండుగురు బిడ్డలలో కడగొట్టుదిగా జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు బ్రెండా గేల్ వెబ్. ఆమె యక్క లొరెటా లిన్ (1932–2022) అమెరికా పల్లెపాటలలో రాణివంటిది. చెల్లెలు రంగమున కెక్కునాటికి బ్రెండా యను పేరుతో వేఱొక గాయని యుండుటచేత, అక్కయే ఆమెకు క్రొత్తపేరు పెట్టినది. క్రిస్టల్ అను బోర్డు గల యొక ఫలహారశాలను చూచి పెట్టిన పేరట! స్ఫటికమని దాని యర్థము. పేరు ఎచ్చటనుండి వచ్చినను, ఆ కంఠమునకు తగినదే.

ప్రసిద్ధురాలైన యక్క నీడలో పెరిగిన చెల్లెండ్ర కష్టము మన మెఱుగనిది కాదు. ఎంత పాడినను అక్కవలె లేదందురు; అక్కవలె నుండినచో అక్కను చూచి నేర్చినదందురు. తన పాటలు పాడవద్దని, తన త్రోవ పట్టవద్దని లొరెటాయే చెల్లెలికి బుద్ధి చెప్పినది. ఆ మాట ఫలించినది. క్రిస్టల్ పల్లెపాటనే పాడుచు దానికి నగరపు నునుపును తెచ్చినది. 1977లో ఆమె పాడిన ‘డోంట్ ఇట్ మేక్ మై బ్రౌన్ ఐస్ బ్లూ’ యను పాట దేశమంతట మాఱుమ్రోగి, మఱుసటి సంవత్సరమున ఆమెకు గ్రామీ బహుమానమును తెచ్చిపెట్టినది. 1978 నాటి రికార్డులో ఆమె జాజ్ గాయకులకు ప్రీతిపాత్రమైన పాతపాట నొకదానిని కూడ పాడియుండెను. కావున ఈ క్రొత్త పనికి ఆమె యనర్హురాలు కాదు. దాదాపు పాదములవఱకు వ్రేలాడు నామె కురుల ప్రసిద్ధి వేఱు. అది మన స్త్రీలకు నచ్చుననియే ఇచ్చట చెప్పితిని!

ఇట్టి యిరువురు ఒకచోట పాడుటను తలచుకొన్నవారికి నవ్వు వచ్చియుండును. ఒకడు రాత్రివేళ మూసిన దుకాణముల వీథిలో పుట్టిన పాట. ఒకతె పల్లెనుండి వచ్చి పట్టుచీర కట్టిన పాట. కాని పులుసు కాచు స్త్రీకి ఇందలి మర్మము వెంటనే తెలియును. చింతపండు పులుపును బెల్లము తీసివేయదు. బెల్లపు తీపిని చింతపండు చెఱుపదు. రెండును దేనికది నిలిచినప్పుడే పులుసునకు రుచి. రెండు తీపులు కలిసిన పాయస మగును. రెండు పులుపులు కలిసిన నోటబెట్టుకొనలేము.

జాజ్ అనగా నేమి?

ఈ పాటల బాణి జాజ్ బాణి. ఆ పేరు విననివారికొఱకు నాలుగు మాటలు. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతి అమెరికా దక్షిణమున, ముఖ్యముగ న్యూ ఆర్లియన్స్ నగరమున, 20వ శతాబ్దారంభమున పెంచిన సంగీత మిది. వారి దుఃఖపు పాటలు, భజనగీతములు, వీథిబ్యాండుల వాద్యములు కలిసి యిట్లు రూపుకట్టినవి. ఒక వరుస నందఱును అంగీకరించి, ఆ వరుసమీద ఎవరి కల్పన వారు వాయించుట దీని ముఖ్యలక్షణము. మన పాటకచ్చేరీలో మనోధర్మమునకు గల స్థానము వంటిదే యిది. స్వరకల్పనలో గాయకుడు విడిచినదానిని వయొలిను అందుకొనుట తలచుకొనుడు. తాళము కూడ మనము ఎదురుచూచుచోట పడక, కొంచెము ముందో వెనుకో పడి మనస్సును ఊయలవలె నూపును.

ఈ చిత్రపు పాటలయందు పియానో, పెద్దవయొలినువలె నిలువబెట్టి వ్రేళ్లతో మీటు డబుల్ బాస్, ట్రంపెట్, సాక్సఫోన్, డ్రమ్ములు ముఖ్యవాద్యములు. వీనికి వెనుక తంత్రీవాద్యముల బృందము. సాక్సఫోను మనవారికి తెలియనిది కాదు. కద్రి గోపాలనాథ్ గారు (1949–2019) దానిపై త్యాగరాజకృతులు వాయించి మన సభలకు చుట్టము చేసిరి. ఇక్కడ దానిని వాయించినవారిలో టెడ్డీ ఎడ్వర్డ్స్ ఒకడు. ట్రంపెట్ జాక్ షెల్డన్ ఊదెను. డ్రమ్ములు షెల్లీ మాన్ వాయించెను. వీరందఱును జాజ్ సంగీతములో పండినవారు. వాద్యబృందపు కూర్పు బాబ్ ఆల్సివార్ చేసెను. డ్రమ్ముపై కఱ్ఱతో కొట్టక తీగెల కుంచెతో రాచుట కొన్ని పాటలలో వినవచ్చును. అర్ధరాత్రమున నెవరినో నిదుర లేపకుండ నేల యూడ్చుచున్నట్లుండు నా చప్పుడు ఈ కథకు చక్కగ నమరినది.

పాటలలోని తగవు

మాటలును బాణీలును వెయిట్స్ కూర్చినవే. 1980లో ఆరంభించి యేడాదికిపైగా అతడు గుమాస్తా కచ్చేరీకి పోయినట్లు స్టూడియోకు పోయి, పియానో పెట్టిన చిన్నగదిలో కూర్చుండి వ్రాసెను. రికార్డు మొత్తము వినుటకు నలువది నిమిషములు చాలును. అన్నియు యుగళగీతములు కావు. కొన్ని యామె యొంటరిగ పాడినవి, కొన్ని యతడు యొంటరిగ పాడినవి. విడిపోయిన దంపతుల కథకు నదియే సహజముగదా! ఒక్కొక్కరు ఒక్కొక్క గదిలో పాడుకొని, నడుమ నడుమ ఒకే గుమ్మముకడ ఎదురుపడుచున్నట్లుండును.

గృహిణులకు మొట్టమొదట చెవికెక్కు పాట ‘పికింగ్ అప్ ఆఫ్టర్ యూ’. ఒకరు పాఱవేసినదానిని మఱొకరు ఎత్తిపెట్టుచుండుట దాని విషయము. ఆ పనితో ఇక విసిగితినని యతడు పాడును. విసిగినది తానుకూడనని యామె యందుకొనును. విడిచిన బట్ట, పడవేసిన కాగితము, ఆర్పని దీపము. సంసారములు కూలునది యుద్ధములవలన కాదు, ఇట్టి చిల్లరవలననే. ఈ మాటను పెద్దలు పుస్తకములలో వ్రాయరు. ఆ పాటలోని చమత్కార మేమనగా, తగవులాడుకొను నా యిరువురును ఒకరి తాళమును ఒకరు తప్పింపరు. అతడు మాట్లాడుచున్నట్లు వెనుకబడి పాడును. ఆమె సూటిగ శ్రుతిలో నిలిచి పాడును. అతని మాట ముగియువఱకు ఆమె ఆగును; ఆమె స్వరము సాగుచుండగా అతడు అడ్డురాడు. నిజమైన కలహములో మనము చేయలేనిది ఇదియే. కోపము తప్పు కాదు. ఎదుటివారి మాట ముగియకముందే మన మాట మొదలిడుటయే తప్పు.

ఆమె యొంటరిగ పాడిన పాటలలో ‘ఓల్డ్ బాయ్‌ఫ్రెండ్స్’ ఒకటి. పూర్వము తనపై మనసుపడినవారిని తలచుకొనుట దాని వస్తువు. ఇట్టి పాటను మన యిండ్లలో పెద్దలయెదుట వేయుటకు సంకోచింతుము. కాని వినిచూచినచో నందు చాపల్యము కన్న దిగులే మిక్కుటము. తప్పిపోయిన మనుష్యులనుగుఱించి కాదు, వారి కన్నులకు కనబడిన నాటి తన్నుగుఱించియే ఆ స్త్రీ వెదకికొనుచున్నది. పదియేండ్లు ఇల్లు దిద్దిన తరువాత పెట్టె యడుగున పాతఫోటో దొరకిన స్త్రీ యెవతెయైనను ఆ దిగులు నెఱుగును.

అతడు యొంటరిగ పాడినవానిలో ‘బ్రోకెన్ బైసికిల్స్’ అతిసున్నితమైనది. విఱిగిన సైకిళ్లు దానికి సామ్యము. ఎవరును ఎక్కక, ఎవరును పాఱవేయక, పెరటిలో త్రుప్పుపట్టుచుండు వస్తువులు ఏ యింట లేవు? వానిని చూచి మగవాడు తన ప్రేమను తలచుకొనుచున్నాడు. తుక్కుతో బ్రతుకు హాంకునకు ఇంతకన్న తగిన పాట యేది? మఱొక పాటలో అతడు క్షమాపణ వేడును. ఇంకొకటి ‘యూ కాంట్ అన్‌రింగ్ ఎ బెల్’. మ్రోగిన గంటను మ్రోగనట్లు చేయజాలమని దాని పేరున కర్థము. కాలు జాఱిన తీసికొనవచ్చును గాని నోరు జాఱిన తీసికొనలేమని మన ముసలమ్మలు చెప్పుదురు. రెండు దేశముల బుద్ధియు నొక్కటియే.

కడపట ఆమె పాడునది ‘టేక్ మి హోమ్’. తన్ను ఇంటికి తీసికొనిపొమ్మని యడుగు నతిచిన్నపాట. ఇంతవఱకు నిలిచిన అభిమానమంతయు అచ్చట కరగిపోవును. దాని పిమ్మట రికార్డు చివర మాటలు లేని యొక చిన్న వాద్యగీతము వచ్చును. దాని పేరు ‘ప్రెజెంట్స్’, అనగా కానుకలు. పిల్లల సంగీతపుపెట్టె విప్పినట్లు సన్నగ వినబడును. కలహమునకు మొదలైన కానుకల పేరే ముగింపునకు పెట్టుట బాగుగ నున్నది.

ఇచ్చట నొక ప్రశ్న. స్త్రీ నోట పాడించిన మాటలను కూడ పురుషుడే వ్రాసెనుగదా, అవి స్త్రీ మాటలెట్లగును? ఈ సందేహము న్యాయమైనదే. ఆమె తన పాటలను తానే వ్రాసికొన్నచో వేఱుగ నుండెడివేమో. అయినను వెయిట్స్ ఆమె పక్షమున తక్కువ వాదింపలేదు. తన గరుకుగొంతుతో చెప్పలేని కోమలమైన మాటలన్నియు ఆమె కిచ్చెను. ఆమెయు వానిని అతని మాటలుగా కాక తన మాటలుగా పాడెను. వ్రాసినవాని దెంతయో, పాడినదాని దంత.

పాటలు కట్టిన యింట పెండ్లి

విడిపోయినవారి పాటలు కట్టుచున్న కాలముననే కట్టువానికి పెండ్లి కుదిరినది! ఆ స్టూడియోలోనే కథలు పరిశీలించు పనిలో నున్న క్యాథ్లీన్ బ్రెనన్ అను నామెను వెయిట్స్ 1980 ఆగస్టులో వివాహమాడెను. అటుపిమ్మట ఆమె అతని సంగీతమునకు సహధర్మచారిణి యైనది. ఎన్నో పాటలు ఇరువురును కలిసి వ్రాసిరి. 1983లో వచ్చిన తరువాతి రికార్డుతో అతని బాణియే మాఱిపోయినది. కావున పానశాల పియానో వాసన గల అతని పాతబాణికి ఈ చిత్రపు పాటలే వీడ్కోలు వంటివి.

చిత్రపు గతిమాత్రము వేఱు. లాస్ వేగస్ వీథులు, రంగుదీపములు, విమానాశ్రయము సహా సమస్తమును కొప్పొలా హాలీవుడ్‌లోని తన జోయట్రోప్ స్టూడియోలో కట్టించెను. నిజమైన నగరము కొన్నిగంటల ప్రయాణములోనే యున్నను, కలవంటి నగరము కావలెనని అతని పట్టు. డీన్ టవులారిస్ ఆ రంగస్థలమును కల్పించెను. విట్టోరియో స్టొరారో ఛాయాగ్రహణము చేసెను. చిన్నకథకు సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు ఖర్చయినవి. 1982 ఫిబ్రవరిలో విడుదలైన చిత్రము పది లక్షల డాలర్లయినను తేలేదు. అనేక విమర్శకులు దీపములను మెచ్చి మనుష్యులు కనబడలేదనిరి. కొలదియేండ్లలో స్టూడియో చేజాఱినది. ఆ యప్పులు తీర్చుటకై కొప్పొలా ఆ దశాబ్దమంతయు ఇతరులకు చిత్రములు తీయవలసివచ్చెను. ఇల్లు కానుకగా నిచ్చిన కథ తీసి తానే యిల్లు పోగొట్టుకొన్నట్లయినది.

సంగీతమునకుమాత్రము ఆస్కారు బహుమానపు పోటీలో స్థానము లభించెను. 1983లో ఆ బహుమానము ‘విక్టర్ విక్టోరియా’ చిత్రమునకు పోయినది. కాలము గడచినకొలది చిత్రమునకును స్నేహితులు పెరిగిరి. 2024లో దర్శకుడు దానిని క్రొత్తగ కూర్చి మరల ప్రదర్శింపజేసెను. నటీనటులలో రౌల్ జూలియా 1994లోను, ఫ్రెడరిక్ ఫారెస్ట్ 2023లోను, టెరీ గార్ 2024లోను గతించిరి. వారు తెరమీద పలుకలేకపోయిన మాటలను ఆ రెండు కంఠములు నేటికిని పాడుచునే యున్నవి.

పాడలేనివాని పాట

విమానాశ్రయమునకు పోవుదము. ఫ్రానీ బయలుదేరుచున్నది. రే పాడగలడు, ఆమెకు పాట వినిపించినవాడు. హాంకునకు పాడుట రాదు. ఆ సంగతి ఆమె యెఱుగును, తానును ఎఱుగును. అయినను పదిమంది యెదుట నిలిచి, ఆ దేశమున పసిబిడ్డకు కూడ తెలిసిన యొక పాతపాటను బొంగురుగొంతుతో, శ్రుతి తప్పి, కన్నీటితో పాడును. చిత్రమంతటను అతనికి మాఱుగా వేఱొకడు పాడెను. ఇప్పు డతడు తానే పాడుచున్నాడు. ఆ పాటలో సంగీతము లేదు, మనుష్యుడున్నాడు.

ఆ పాటకు కరగి ఆమె వెంటనే తిరిగివచ్చినదా? లేదు. విమాన మెక్కినది. అతడు చీకటి యింటికి పోయి యొంటరిగ కూలబడెను. తరువాతనే గుమ్మముకడ ఆమె కనబడును. ఇంత ఆలస్యమైనందుననే ఆ రాక నమ్మదగియున్నది. బాగుగ పాడినందులకు ఆమె రాలేదు. ఎన్నడును పాడనివాడు తనకొఱకు పాడినందులకు వచ్చినది.

వెయిట్స్ కంఠము మన కింతసేపు నేర్పిన పాఠము నిదియే. తీయని గొంతుమాత్రమే ప్రేమను చెప్పగలదనుకొనుట పొరపాటు. గరుకుగొంతునకును చెప్పుకొనవలసినది కలదు; దానిని వినుటకు ఓర్పు కావలెను. అట్లే తేటగొంతు పాడుచున్నది గదాయని దానికి బాధ లేదనుకొనుటయు పొరపాటే. క్రిస్టల్ గేల్ కంఠమంత తీయగ ఇంటిలో నవ్వుచు తిరుగు స్త్రీ యెన్ని ప్రయాణములను మనస్సులో మడచిపెట్టుకొన్నదో ఎవ రడిగిరి?

ఈ పాటలు నేడు రికార్డుగను, ఇంటనుండియే వినుటకు ననువుగను దొరకుచున్నవి. వినగోరు సోదరి ఇంటిపనులు ముగిసి పిల్లలు నిదురించిన పిమ్మట, తక్కువ స్వరముతో వినవలెను. మాటలన్నియు నర్థము కాకపోయినను చింతలేదు. ఎవరు ఎప్పుడు ఆగుచున్నారో, ఎవరు ఎప్పుడు అందుకొనుచున్నారో గమనించిన చాలును. కుదిరినచో ఇంటిలోని రెండవ కంఠమును కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. విన్నపిదప నొక్క ప్రశ్న యడుగవచ్చును: మనకు దస్తావేజు కావలెనా, టిక్కెట్లు కావలెనా? అడిగినచో రెండింటికిని వీలు దొరకవచ్చును. అడుగకయే ఇచ్చిన కానుకవలననే ఆ యింట ఒకరాత్రి దీపము పెట్టువారు లేకపోయిరి.